ఎన్‌గోలో కాంటే: పరుగుల మనిషి అనేస్తే సరిపోతుందా?

మిడ్‌ఫీల్డ్_మల్లిక్ | శనివారం రాత్రి 8:50

ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ కాంటే పేరు ఎత్తగానే మన దగ్గర అందరూ అనేది ఒకటే: అలుపు లేకుండా పరిగెడతాడు. నిజమే, పరిగెడతాడు. కానీ ఆ ఒక్క ముక్కతో అతని కెరీర్ మొత్తాన్ని తేల్చేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అలుపు లేని మిడ్‌ఫీల్డర్లు ప్రతి లీగ్‌లోనూ దొరుకుతారు. వాళ్లందరూ రెండు వేర్వేరు క్లబ్బులతో వరసగా రెండేళ్లు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలవలేదు. ఆ తర్వాత వరల్డ్ కప్, ఆపైన ఛాంపియన్స్ లీగ్ గెలవలేదు.

2015-16లో లెస్టర్ సిటీ తరఫున లీగ్‌లో 175 టాకిల్స్ చేశాడు. ఇంటర్‌సెప్షన్లు 156. రెండింటిలోనూ ఆ సీజన్‌లో అతనే మొదటి స్థానం. అందరూ మొదటి అంకె గురించే మాట్లాడతారు. నాకు రెండోదే ముఖ్యం. బంతి పట్టుకున్నవాడి వెంటపడి లాక్కోవడానికి కాళ్లలో బలం ఉండాలి. పాస్ దారిలో ముందే నిలబడాలంటే, అవతలివాడు ఎటు ఇవ్వబోతున్నాడో వాడు ఇవ్వకముందే తెలిసి ఉండాలి. ఒక సీజన్‌లో 156 సార్లు అదృష్టం కలిసిరాదు.

అందుకే ఈ థ్రెడ్. పారిస్ పక్కనున్న సురేన్ నుంచి సౌదీ దాకా అతని కెరీర్‌ని వరసగా మాట్లాడుకుందాం. ఏ మ్యాచ్ చూసి మీకు ఏమనిపించిందో రాయండి. కాదనేవాళ్లు కూడా రండి.

బెజవాడ_బ్లూ | శనివారం రాత్రి 9:05

మల్లిక్ అన్నా, చెల్సీ అభిమానిగా ఈ థ్రెడ్ కోసం ఎన్నాళ్ల నుంచో చూస్తున్నా. కానీ పరుగుని తక్కువ చేయొద్దు. ఆట చదవడం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, చదివిన చోటికి సమయానికి చేరేవాళ్లే తక్కువ. 85వ నిమిషంలో కూడా మొదటి నిమిషంలో ఉన్నట్టే ఉంటాడు చూడండి, అదే నాకు కాంటే. అందరి కాళ్లూ బరువెక్కిన టైంలో అతనికి గ్రౌండ్ చిన్నదైపోతుంది.

టీవీలో చూసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కెమెరా బంతి వెంట వెళుతుంది. బంతి దగ్గరికి అతను ఎక్కడి నుంచి వచ్చాడో మనకి కనపడదు. ఉన్నట్టుండి ఫ్రేములోకి వస్తాడు, బంతి మారిపోతుంది. అందుకే చూసేవాళ్లకి అదంతా పరుగులాగే అనిపిస్తుందేమో.

కోచ్_అనంతపురం | శనివారం రాత్రి 9:40

నేను ఇక్కడ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. అందుకే కాంటే కెరీర్‌లో నాకు అన్నిటికంటే విలువైనది మొదటి ఇరవై ఏళ్లు. వాటి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

1991 మార్చి 29న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చినవాళ్లు. పెరిగింది పారిస్‌కి పడమర ఉన్న రువై-మల్మేజోన్ అనే శివారులో. పదకొండేళ్లప్పుడే తండ్రి పోయాడు. పక్కనే ఉన్న సురేన్‌లో ఒక చిన్న క్లబ్, జేఎస్ సురేన్. ఎనిమిదేళ్ల వయసులో అందులో చేరి పంతొమ్మిదేళ్లు వచ్చేవరకూ అక్కడే ఉన్నాడు. ఫ్రాన్స్‌లో మెరికల్లాంటి పిల్లల్ని పదమూడు, పద్నాలుగేళ్లకే పెద్ద క్లబ్బుల అకాడమీలు తీసుకుపోతాయి. కాంటేని ఏ అకాడమీ తీసుకోలేదు. కారణం ఎత్తు. పెద్దయ్యాక కూడా 168 సెంటీమీటర్లే. పద్నాలుగేళ్లప్పుడు ఇంకెంత చిన్నగా ఉండుంటాడో ఊహించండి.

2010లో బులోన్ క్లబ్‌లో చేరాడు. అదీ రిజర్వ్ జట్టులోకి. ఆ జట్టు ఆడేది ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆరో అంచెలో. ఒకపక్క ఆడుతూనే ఇంకోపక్క అకౌంటింగ్ చదువుకున్నాడు. ఫుట్‌బాల్ కుదరకపోతే చేతిలో ఏదో ఒక పని ఉండాలి కదా. 2012 మే నెలలో మొనాకో మీద మొదటి జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాయి. ఆ వయసుకి చాలామంది స్టార్లకి వంద మ్యాచ్‌ల అనుభవం ఉంటుంది.

మల్లిక్ గారు అన్నదాన్ని నేను ఇక్కడి నుంచి చూస్తాను. ఒళ్లు చిన్నగా ఉన్న పిల్లవాడు తనకంటే తల ఎత్తు పెద్దవాళ్లతో పదేళ్లు ఆడితే, భుజంతో నెట్టి గెలవడం కుదరదని వాడికి తొందరగానే తెలుస్తుంది. ముందుగా చేరుకోవడమే మిగిలిన దారి. నీళ్లు ఎటు మళ్లుతాయో తెలిసిన రైతు ముందే వెళ్లి మడవ కట్టినట్టు, బంతి వచ్చే దారి ముందే మూసేయడం అలవాటవుతుంది. అకాడమీలు వద్దన్న ఆ సంవత్సరాల్లోనే కాంటే ఆట తయారైందని నా నమ్మకం.

కొత్త_ఫ్యాన్_సాయి | శనివారం రాత్రి 9:52

కోచ్ గారూ, ఆరో అంచె అంటే ఎంత కింద? అక్కడి నుంచి లెస్టర్‌కి నేరుగా వెళ్లాడా?

కోచ్_అనంతపురం | శనివారం రాత్రి 10:10

లేదు నాయనా, మెట్టు మెట్టుగా. ఫ్రాన్స్‌లో పైన లీగ్ 1, దాని కింద లీగ్ 2, దాని కింద నేషనల్ అని మూడో డివిజన్. ఆరో అంచె అంటే ప్రాంతీయ పోటీలన్నమాట. 2012లో బులోన్ లీగ్ 2 నుంచి కిందికి పడిపోయింది. అందుకని మొదటి పూర్తి సీజన్ మూడో డివిజన్‌లోనే ఆడాడు. 37 మ్యాచ్‌లు ఆడాడు. 2013లో కాన్ అనే క్లబ్ తీసుకుంది. ఆ ఏడు లీగ్ 2లో 38కి 38 మ్యాచ్‌లూ ఆడాడు, కాన్ మూడో స్థానంలో వచ్చి లీగ్ 1కి ఎక్కింది. మరుసటి ఏడు లీగ్ 1లో 37.

ఇంకోలా చూడు. మూడేళ్లలో మూడు డివిజన్లు మారాడు. పైకి వెళ్లినకొద్దీ ఆట వేగం పెరుగుతుంది, ఆలోచించడానికి సమయం తగ్గుతుంది. ప్రతి ఏడూ కొత్త వేగానికి అలవాటు పడుతూ ఒక్క ఏడు కూడా బెంచ్ మీద కూర్చోలేదు.

లెస్టర్_మాధవి | శనివారం రాత్రి 11:30

ఇక్కడ ఇంకా సాయంత్రమే, అందుకే ఆలస్యంగా చూశాను. నేను లెస్టర్‌లో ఉంటాను, ఆ సీజన్ ఈ ఊళ్లోనే ఉన్నాను కాబట్టి ఈ భాగం నేను రాస్తాను.

2015 వేసవిలో ఇక్కడ ఎవరికీ పెద్ద ఆశలు లేవు. అంతకుముందు సీజన్‌లో జట్టు చివరి నెలల్లో కిందామీదా పడి డివిజన్‌లో నిలబడింది. మిడ్‌ఫీల్డ్‌లో పెద్ద దిక్కుగా ఉన్న కాంబియాసో వెళ్లిపోయాడు. కోచ్ మారి రానియేరి వచ్చాడు. బుక్‌మేకర్లు లెస్టర్ టైటిల్‌కి 5000కి 1 ఇచ్చారన్నది అందరికీ తెలిసిందే. ఆటగాళ్లను వెతికి పట్టే బాధ్యత స్టీవ్ వాల్ష్‌ది. కాన్‌లో ఆడుతున్న ఈ చిన్న కుర్రాణ్ణి తీసుకోమని పట్టుబట్టింది ఆయనే. ఇంత చిన్నగా ఉన్నాడేమిటని రానియేరి మొదట సందేహించాడనీ, వాల్ష్ వదల్లేదనీ తర్వాత కథలు కథలుగా చెప్పుకున్నారు. ఆగస్టు 3న సంతకం అయింది. వార్తల్లో వచ్చిన ధర 56 లక్షల పౌండ్లు.

ఆ జట్టు ఎలా ఆడేదో గుర్తుచేస్తాను. వెనక మోర్గన్, హూత్. ఇద్దరూ బలమైనవాళ్లే కానీ వేగం లేదు, అందుకే డిఫెన్స్ బాగా వెనక్కి ఉండేది. ముందు వార్డీ డిఫెండర్ల వెనకకి పరిగెత్తడానికి కాచుకుని ఉండేవాడు. ఈ రెండు చివరల మధ్య బోలెడు ఖాళీ. మధ్యలో ఇద్దరే, కాంటే, డ్రింక్‌వాటర్. నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌ల 4-4-2 పాతబడిపోయిందని అందరూ వదిలేసిన రోజుల్లో ఇద్దరితో మిడ్‌ఫీల్డ్ నడిపించారు. మధ్యలో డ్రింక్‌వాటర్, అతనికి రెండు పక్కలా కాంటే అని వాల్ష్ చెప్పేవాడు.

2016 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో 3-1తో గెలిచాం. ఆ రోజు రెండో గోల్ చూడండి. రెండో సగం మొదలై మూడు నిమిషాలు. బంతి తీసుకుని ముందుకు దూసుకెళ్లి మహ్రెజ్‌కి ఇచ్చింది కాంటేనే. బంతి లాక్కున్నాక పక్కవాడికి ఇచ్చేసి ఊరుకునే రకం కాదు. లాక్కున్న చోటి నుంచే దాడి మొదలుపెట్టేవాడు. లెస్టర్ కౌంటర్ అటాక్ అని పేరు పడింది కానీ దాని మొదటి అడుగు అతనిది.

మే 2న చెల్సీ మీద టోటెన్‌హమ్ 2-2తో ఆగిపోయేసరికి టైటిల్ మాదైంది. ఆ రాత్రి ఊరంతా రోడ్ల మీదే ఉంది. బెల్‌గ్రేవ్ రోడ్‌లోని గుజరాతీ స్వీట్ షాపుల దగ్గర నుంచి యూనివర్సిటీ దాకా ఎక్కడ చూసినా నీలం రంగే. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా ఆఫీసు వాళ్లు కూడా కాంటే పేరు చెప్పేవారు.

డిఫెన్స్_డేవిడ్ | శనివారం రాత్రి 11:55

కాదనేవాళ్లని కూడా రమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను. కాంటే అంటే నాకు గౌరవమే. కానీ 175, 156 అంకెల్ని మరీ ఎక్కువగా నమ్ముకుంటున్నారు. లెస్టర్ దగ్గర బంతి ఉండేది మ్యాచ్‌లో సగం కంటే తక్కువ సమయం. బంతి ఎక్కువసేపు అవతలివాళ్ల దగ్గర ఉంటే టాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు ఎక్కువే వస్తాయి. అదే సీజన్‌లో టాకిల్స్‌లో రెండో స్థానం ఇద్రిసా గయేది. అతను ఆడింది ఆస్టన్ విల్లాకి. విల్లా ఆ ఏడు ఆఖరి స్థానంలో నిలిచి కింది డివిజన్‌కి వెళ్లింది. మరి ఆ అంకె జట్టు గొప్పదనాన్ని చెబుతోందా, జట్టు కష్టాన్ని చెబుతోందా?

ఇంకొకటి. కాంటే వెళ్లిపోగానే లెస్టర్ 12వ స్థానానికి పడిపోయింది, చెల్సీ 10వ స్థానం నుంచి ఛాంపియన్ అయింది, కాబట్టి అంతా అతనే అంటారు. చెల్సీకి ఆ ఏడు కోంటే అనే కోచ్ కూడా వచ్చాడు. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడిన మ్యాచ్‌లో కూడా కాంటే గ్రౌండ్‌లోనే ఉన్నాడు. ఆ తర్వాత ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారాకే 13 మ్యాచ్‌లు వరసగా గెలిచారు. లెస్టర్‌కేమో ఛాంపియన్స్ లీగ్ బరువు కొత్తగా పడింది. అన్నిటికీ ఒక్క మనిషినే కారణం చేస్తే మిగతావాళ్లకి అన్యాయం చేసినట్టే.

మిడ్‌ఫీల్డ్_మల్లిక్ | ఆదివారం ఉదయం 7:20

డేవిడ్ గారూ, మంచి పాయింట్. జట్టు దగ్గర బంతి లేకపోతే ఆ అంకెలు పెరుగుతాయన్నది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ దాన్ని పరీక్షించడానికి మన దగ్గరే దారి ఉంది. మరుసటి సీజన్ చెల్సీలో అతను ఆడింది బంతి ఎక్కువసేపు తమ దగ్గరే ఉంచుకునే జట్టులో. అక్కడా లీగ్‌లో ఎక్కువ టాకిల్స్ చేసినవాళ్ల ముందు వరుసలోనే ఉన్నాడు. అవకాశాలు తగ్గినా పని తగ్గలేదు.

గయే సంగతి కూడా నాకు వ్యతిరేకం కాదు. విల్లాలో గయే బంతి లాక్కునేవాడు, అది మళ్లీ పోయేది. లెస్టర్‌లో లాక్కున్న బంతి మహ్రెజ్‌కో వార్డీకో చేరేది. అందులో వాళ్ల గొప్పదనం ఉంది, కాదనను. కానీ కాంటే ఎక్కడ లాక్కుంటాడో చూడండి. సొంత పెనాల్టీ బాక్స్ ముందు కాదు, గ్రౌండ్ మధ్యలో. అవతలి జట్టు దాడికి బయల్దేరి అందరూ ముందుకు వచ్చేసిన క్షణంలో. అక్కడ బంతి పోతే వాళ్లు మళ్లీ సర్దుకునేలోగా గోల్ అయిపోతుంది. అలాంటి చోట్ల బంతి దొరకడానికి ఎంత సాహసం కావాలో, ఎంత లెక్క కావాలో ఆలోచించండి. ఒక అడుగు ముందు వేసి తప్పిపోతే వెనక మోర్గన్, హూత్ ఒంటరైపోతారు.

బెజవాడ_బ్లూ | ఆదివారం ఉదయం 9:15

ఇక చెల్సీ రోజులు నాకు వదిలేయండి.

2016 జూలైలో వచ్చాడు, వార్తల ప్రకారం 3.2 కోట్ల పౌండ్లు. నంబర్ 7 ఇచ్చారు. అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 4-0తో కొట్టిన మ్యాచ్‌లో నాలుగో గోల్ అతనిదే. ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి సెంటర్ ఫార్వర్డ్‌లా వెళ్లి కొట్టాడు. సీజన్ చివర 93 పాయింట్లతో టైటిల్. ఆటగాళ్ల సంఘం అవార్డు, ఫుట్‌బాల్ రచయితల అవార్డు రెండూ అతనికే. గోల్స్ కొట్టేవాళ్లకే అవార్డులు పోయే చోట, లీగ్‌లో ఒక్క గోల్ కొట్టినవాడికి ఇచ్చారు. వేర్వేరు క్లబ్బులతో వరసగా రెండు టైటిళ్లు గెలిచిన ఘనత అంతకుముందు ఎరిక్ కాంటోనాది. అది 1992లో లీడ్స్‌తో, 1993లో యునైటెడ్‌తో.

డేవిడ్ అన్నా, కోంటే పద్ధతి మార్చాకే గెలిచారన్నది నిజం. కానీ ఆ పద్ధతిలో రెండు పక్కలా ఆడే ఇద్దరు వింగ్‌బ్యాకులు పైకి వెళ్లిపోతారు, ముందు ముగ్గురు ఉంటారు, మధ్యలో మళ్లీ ఇద్దరే. కాంటే, మాటిచ్. ఆ ఇద్దరిలో ఒకడు ముగ్గురి పని చేయకపోతే ఆ పద్ధతి నిలబడేది కాదు.

2018లో కోచ్‌గా సారీ అనే ఆయన వచ్చాక పెద్ద గొడవైంది. మధ్యలో జోర్జిన్యోని పెట్టి కాంటేని కుడి వైపుకి, కాస్త ముందుకి జరిపాడు. ప్రపంచంలో అత్యుత్తమ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని అక్కడి నుంచి తీసేస్తారా అని టీవీలో రోజూ చర్చే. నాకూ ఒళ్లు మండింది. కానీ కాంటే నోట ఒక్క ఫిర్యాదు రాలేదు. డిసెంబర్‌లో మాంచెస్టర్ సిటీని 2-0తో ఓడించిన రోజు మొదటి గోల్ అతనిదే, పెనాల్టీ బాక్స్‌లోకి పరిగెత్తుకుంటూ వచ్చి పైకి బలంగా కొట్టాడు. ఆ సీజన్ లీగ్‌లో 4 గోల్స్. 2019 మేలో బాకూలో ఆర్సెనల్‌ని 4-1తో ఓడించి యూరోపా లీగ్ కూడా వచ్చింది.

ఓరుగల్లు_10 | ఆదివారం మధ్యాహ్నం 12:40

వరల్డ్ కప్ మాట ఎవరూ ఎత్తలేదు. 2018 రష్యా. మనకి మ్యాచ్‌లు సాయంత్రం, రాత్రి పూట పడ్డాయి కాబట్టి హాస్టల్ అంతా కలిసి చూశాం.

ఫ్రాన్స్ ఆడిన 7 మ్యాచ్‌లలోనూ కాంటే మొదటి నిమిషం నుంచి ఉన్నాడు. గ్రూప్ చివరి మ్యాచ్‌లో పోగ్బా లాంటివాళ్లకి విశ్రాంతి ఇచ్చిన రోజు కూడా కోచ్ దెషాంప్ ఇతన్ని తీయలేదు. దెషాంప్ స్వయంగా అదే స్థానంలో ఆడినవాడు, 1998లో కెప్టెన్‌గా కప్పు ఎత్తినవాడు. ఆ పని విలువ ఆయనకి తెలుసు.

జూన్ 30న కజాన్‌లో అర్జెంటీనా మీద 4-3. ఎంబాపే పరుగు అందరికీ గుర్తుంది. మెస్సీ సెంటర్ ఫార్వర్డ్‌లా మొదలై మధ్యలోకి దిగినప్పుడల్లా అతనికి బంతి చేరకుండా అడ్డం పడింది ఎవరో మళ్లీ చూడండి. మెస్సీని పూర్తిగా ఆపేశారని చెప్పను, అగ్వెరో గోల్‌కి క్రాస్ ఇచ్చింది అతనే. కానీ తొంభై నిమిషాల్లో తిరిగి చూసుకునే తీరిక దొరకలేదు. సెమీ ఫైనల్లో బెల్జియం మీద 1-0. హజార్, డి బ్రూయిన్ ఉన్న జట్టు అది.

డిఫెన్స్_డేవిడ్ | ఆదివారం మధ్యాహ్నం 1:05

ఫైనల్ సంగతి కూడా రాయాలి కదా. క్రొయేషియా మీద కాంటేకి మొదటి సగంలోనే ఎల్లో కార్డు పడింది. 55వ నిమిషంలో తీసేసి ఎన్‌జోంజీని దింపారు. అప్పటికి స్కోరు 2-1. పోగ్బా గోల్, ఎంబాపే గోల్ రెండూ ఆ తర్వాతే వచ్చాయి.

ఓరుగల్లు_10 | ఆదివారం మధ్యాహ్నం 1:20

అవును, ఆ రోజు అతని ఆట బాగాలేదు. కడుపులో బాగోలేక నీరసంగా ఉన్నాడని మ్యాచ్ తర్వాత తెలిసింది. ఆరు మ్యాచ్‌లు మోసుకొచ్చినవాడు ఏడో దాంట్లో ఒంట్లో బాగోక దిగిపోతే, కప్పు విలువ తగ్గుతుందా అన్నా? 2016 యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్‌కి దెషాంప్ ఇతన్ని బెంచ్ మీదే ఉంచాడు, ఫ్రాన్స్ సొంత గడ్డ మీద పోర్చుగల్ చేతిలో ఓడింది. రెండేళ్లలో అదే మనిషి లేకుండా జట్టు రాయలేని స్థాయికి ఎదిగాడు.

కప్పు ఇచ్చాక ఒక దృశ్యం ఉంది. అందరూ కప్పు పట్టుకుని ఫోటోలు దిగుతుంటే ఇతను పక్కన నిలబడి అడగడానికి మొహమాటపడుతున్నాడు. తోటివాళ్లు పిలిచి చేతికిచ్చారు. నాకు అది చూసి చాలా సంతోషమేసింది.

కొత్త_ఫ్యాన్_సాయి | ఆదివారం మధ్యాహ్నం 2:10

మల్లిక్ అన్నా, కామెంటేటర్లు మాకెలెలే పేరు చెబుతుంటారు. కాంటేది అదే రోల్ అనుకోవచ్చా?

మిడ్‌ఫీల్డ్_మల్లిక్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

పోలిక ఎందుకు వస్తుందంటే ఇద్దరూ ఫ్రాన్స్, ఇద్దరూ చెల్సీ, ఇద్దరూ పొట్టివాళ్లు, ఇద్దరి పనీ బంతి లాక్కోవడమే. కానీ రోల్ వేరు తమ్ముడూ. మాకెలెలే డిఫెన్స్ ముందు ఒక చోటు చూసుకుని అక్కడే కాపలా ఉండేవాడు. 2003లో రియల్ మాడ్రిడ్ అతన్ని వదిలేసుకున్నాక ఆ చోటు విలువ ఏమిటో లోకానికి తెలిసింది. కాంటేని ఒక చోట కట్టేస్తే సగం ఆట పోతుంది. అతనికి కదలడానికి జాగా కావాలి, తను వదిలిన చోటు చూసుకోవడానికి పక్కన ఒకడు కావాలి. లెస్టర్‌లో డ్రింక్‌వాటర్, కోంటే దగ్గర మాటిచ్, తర్వాతి కోచ్ తుషెల్ దగ్గర జోర్జిన్యో. అతని ఉత్తమ సీజన్లన్నీ ఇలాంటి జోడీ దొరికినప్పుడే వచ్చాయి.

బెజవాడ_బ్లూ | ఆదివారం సాయంత్రం 4:30

తుషెల్ పేరు వచ్చింది కాబట్టి 2021. ఈ నాలుగు నెలల గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

2021 జనవరిలో లాంపార్డ్‌ని తీసేసి తుషెల్‌ని తెచ్చారు. అప్పటికి చెల్సీ లీగ్‌లో తొమ్మిదో స్థానంలో ఉంది. మళ్లీ ముగ్గురు డిఫెండర్లు, మధ్యలో ఇద్దరు. ఏప్రిల్‌కల్లా ఛాంపియన్స్ లీగ్ సెమీ ఫైనల్, ఎదురుగా రియల్ మాడ్రిడ్. మోడ్రిచ్, క్రూస్, కాసెమీరో. అప్పటికి ఐదారేళ్లుగా యూరప్‌ని ఏలిన మిడ్‌ఫీల్డ్. రెండు లెగ్‌లలోనూ, అంటే రెండు మ్యాచ్‌లలోనూ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కాంటేనే.

మే 5, రెండో లెగ్. మనకి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి మొదలైంది. మొదటి గోల్ ముందు వెర్నర్‌తో ఒకటీ-రెండూ పాసులు ఆడి మధ్యలో నుంచి చీల్చుకుంటూ వెళ్లింది కాంటే. హావెర్ట్స్‌కి ఇచ్చాడు, అతను గోలీ మీదుగా లేపింది బార్‌కి తగిలింది, వెర్నర్ తలతో నెట్టాడు. 1-0 అలాగే నడుస్తోంది. మాడ్రిడ్ ఒక్క గోల్ కొడితే మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లే పరిస్థితి, టెన్షన్‌తో కూర్చోలేకపోతున్నాం. 85వ నిమిషంలో మాడ్రిడ్ సగంలో నాచో దగ్గర బంతి కొట్టేశాడు. పులిసిక్‌కి ఇచ్చాడు, పులిసిక్ నుంచి మౌంట్‌కి, గోల్. మ్యాచ్ అక్కడితో అయిపోయింది. ఆ నిమిషంలో పరుగూ ఉంది, చూపూ ఉంది. రెండిట్లో ఏది ముందని నన్నడిగితే చెప్పలేను.

ఫైనల్‌కి ముందు గుండె ఆగినంత పనైంది. లీగ్‌లో లెస్టర్ మీద మ్యాచ్‌లో మొదటి సగంలోనే నొప్పితో బయటికి వచ్చాడు, చివరి లీగ్ మ్యాచ్ ఆడలేదు. మే 29న పోర్తోలో మాత్రం దిగాడు. గార్డియోలా ఆ రోజు మాంచెస్టర్ సిటీ జట్టులో రోద్రీని గానీ ఫెర్నాండిన్యోని గానీ మొదట్లో ఆడించలేదు. మధ్యలో అంతా పాసులు ఆడేవాళ్లే. వాళ్ల పాసులన్నీ వచ్చి కాంటే దగ్గర ఆగిపోయాయి. డి బ్రూయిన్ బంతితో తిరిగేసరికి ఎదురుగా ఇతనే. 42వ నిమిషంలో హావెర్ట్స్ కొట్టిన ఒక్క గోల్‌ని చివరిదాకా కాపాడుకున్నారు. మళ్లీ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. సెమీస్ రెండూ, ఫైనల్ ఒకటి, మూడుకి మూడు.

ఆ ఏడు ప్రపంచ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్‌లో ఐదో స్థానం ఇచ్చారు. నా లెక్కలో ఇంకా పైన ఉండాలి.

ఫిజియో_సుధ | ఆదివారం సాయంత్రం 5:50

2021 తర్వాత ఏమైందో కూడా రాసుకోవాలి, అదీ కెరీర్‌లో భాగమే. 2022 ఆగస్టులో టోటెన్‌హమ్ మీద మ్యాచ్‌లో తొడ వెనక కండరం పట్టేసింది. అక్టోబర్‌లో ఆపరేషన్. ఖతార్ వరల్డ్ కప్ పోయింది. ఆ సీజన్ లీగ్‌లో మొత్తం 7 మ్యాచ్‌లే ఆడాడు.

నా దగ్గరికి వచ్చే ఆటగాళ్లలో ఈ హామ్‌స్ట్రింగ్ సమస్యే ఎక్కువ. వేగంగా పరిగెడుతూ ఉన్నట్టుండి ఆగడం, తిరగడం, మళ్లీ పరుగందుకోవడం, ఈ కండరం మీద పడే భారమంతా అక్కడే. కాంటే ఆటంతా అదే కదా. పైగా ముప్పై దాటాక కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఒకసారి పట్టేసిన చోటే మళ్లీ పట్టేసే ప్రమాదం ఎక్కువ. అంత పెద్ద గాయం తర్వాత రెండేళ్లలోపే యూరో టోర్నీలో ఆడే స్థితికి రావడం వెనక ఎంత ఓపిక ఉంటుందో నాకు తెలుసు. రోజూ గంటల తరబడి ఎవరూ చూడని, చప్పట్లు కొట్టని వ్యాయామాలు. పట్టుదల అంటే నాకు టాకిల్స్ కంటే అవే కనిపిస్తాయి.

డిఫెన్స్_డేవిడ్ | ఆదివారం సాయంత్రం 6:30

సుధ గారు చెప్పింది బాగుంది. 2023లో సౌదీలో అల్-ఇత్తిహాద్‌కి వెళ్లాడు, అక్కడ బెంజెమా, ఫాబిన్యోతో కలిసి ఆడాడు, 2024-25లో లీగ్, కింగ్స్ కప్ రెండూ గెలిచారు. అక్కడి వేగం తక్కువ కాబట్టి కాళ్లకి కాస్త ఊరట దొరికి ఉంటుంది.

2024 యూరోకి దెషాంప్ రెండేళ్ల తర్వాత పిలిచినప్పుడు నాకు నమ్మకం లేదు. 33 ఏళ్లు. మొదటి మ్యాచ్ ఆస్ట్రియా మీద. రంగ్నిక్ శిక్షణలో ఆస్ట్రియా అంటే ఊపిరాడనివ్వని ప్రెస్సింగ్. అందులో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కాంటే అయ్యాడు. ఇది మల్లిక్ గారి వాదనకి బలమే, ఎందుకంటే ఆ వేగం అప్పటికి పూర్వంలా లేదు. కానీ సెమీ ఫైనల్లో స్పెయిన్ మీద ఫ్రాన్స్ వెనకబడ్డాక గంట దాటగానే అతన్ని తీసేయాల్సి వచ్చింది. గోల్ కావాల్సినప్పుడు అతని ఆటకి ఒక హద్దు ఉందన్న నా అభిప్రాయం అలాగే ఉంది.

లెస్టర్_మాధవి | ఆదివారం రాత్రి 9:10

ఆట గురించి అందరూ రాశారు కాబట్టి మనిషి గురించి కొంచెం. ఇక్కడికి వచ్చిన కొత్తలో చిన్న మినీ కారు కొనుక్కున్నాడు. చెల్సీలో కోట్లు సంపాదిస్తున్నప్పుడు కూడా దాన్నే నడిపాడు. బులోన్ రోజుల్లో ప్రాక్టీస్‌కి కాలితో తోసుకునే స్కూటర్ మీద వెళ్లేవాడట. 2018 సెప్టెంబర్‌లో పారిస్ రైలు తప్పిపోతే లండన్‌లో మసీదుకి వెళ్లాడు. అక్కడ పరిచయమైన ఒక ఆర్సెనల్ అభిమాని ఇంటికి పిలిస్తే వెళ్లి భోంచేసి, వీడియో గేమ్ ఆడి, రాత్రి టీవీలో మ్యాచ్‌ల హైలైట్స్ చూసి వచ్చాడు. వరల్డ్ కప్ గెలిచి అప్పటికి రెండు నెలలే.

జీతంలో కొంత భాగాన్ని పన్ను తక్కువ పడేలా విదేశీ కంపెనీ ద్వారా తీసుకునే ఏర్పాటు వద్దని, మామూలు జీతంగానే ఇమ్మన్నాడని 2018లో ఫ్రెంచ్ పత్రికల్లో వచ్చింది. నాకు అతని టాకిల్స్ ఎంత ఇష్టమో ఇదీ అంతే ఇష్టం. 2023లో బెల్జియంలో విర్టన్ అనే చిన్న క్లబ్‌ని కొన్నాడు. కింది డివిజన్ల ఫుట్‌బాల్ విలువ తెలిసినవాడి పని.

కోచ్_అనంతపురం | ఆదివారం రాత్రి 10:00

ఈ థ్రెడ్ మా పిల్లలకి చదివి వినిపిస్తాను. డేవిడ్ గారి మాటలు కూడా, అవీ వాళ్లకి కావాలి.

సాయి నాకు విడిగా మెసేజ్ పెట్టి, పిల్లలకి ఇది ఎలా నేర్పుతారని అడిగాడు. అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నా. నలుగురు చుట్టూ నిలబడి పాసులు ఆడతారు, మధ్యలో ఇద్దరు లాక్కోవాలి. ఇది అందరూ ఆడించేదే. నేను ఒక్కటి మారుస్తాను. మధ్యలో ఉన్నవాళ్లు బంతిని కాదు, పాస్ ఇచ్చేవాడి నడుమునీ, నిలబడిన కాలినీ చూడాలి. నిలబడిన కాలి వేళ్లు ఎటు ఉంటే చాలావరకు బంతి అటే వెళుతుంది. మొదట్లో పిల్లలు ఊరికే అటూ ఇటూ పరిగెత్తి అలసిపోతారు. కొన్ని వారాలకి పరుగు తగ్గుతుంది, దొరికే బంతులు పెరుగుతాయి. మా జట్టులో అందరికంటే పొట్టిగా ఉన్న అమ్మాయే ఇందులో ముందుంది.

బెజవాడ_బ్లూ గారూ, ఆ మాడ్రిడ్ రెండో లెగ్ పూర్తి మ్యాచ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా? హైలైట్స్ వద్దు. బంతి లేనప్పుడు కాంటే ఏం చేస్తున్నాడో వాళ్లకి చూపించాలి.

బెజవాడ_బ్లూ | ఆదివారం రాత్రి 10:12

రేపు సాయంత్రంలోగా చెబుతాను కోచ్ గారూ. ఏ నిమిషాల్లో ఆపి చూపించాలో కూడా రాసి పంపిస్తాను. మొదటి గోల్ ముందు ఇరవై సెకన్లు, 85వ నిమిషం తప్పకుండా.